బేకరీ అతను కొనని కెమెరా

కెమెరా కొనడానికి వచ్చినవాడు దాన్ని చూస్తూ చూస్తూ నిద్రపోయాడు.

సోఫాలో కూర్చుని, కెమెరా కంటికి ఆనించుకుని, కిటికీ వైపు గురిపెట్టాడు. ఆ గురి అలాగే ఉండిపోయింది. ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో అనుకుంది దాన్ని అమ్మకానికి పెట్టిన డాక్టరమ్మ. కాసేపటికి సన్నగా గురక వినిపించింది.

డాక్టరమ్మంటే మనుషుల డాక్టరు కాదు, కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తుంది. మత్తుమందు ఇవ్వకుండా ఇంత హాయిగా పడుకున్న ప్రాణిని తన సర్వీసులో చూడలేదు. క్లినిక్కుకి టైమవుతోందని లేపబోతే, లోపల్నుంచి బామ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఈ అబ్బాయిది పక్క వీధి బేకరీ అనీ, రాత్రంతా పొయ్యి ముందు నిలబడి తెల్లారాక ఇల్లు చేరతాడనీ, అలాంటివాణ్ణి లేపితే పాపమనీ చెప్పి, దుప్పటి తెచ్చి కప్పింది. బేరం సంగతి తను చూసుకుంటానంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి దుప్పటి మడతపెట్టి ఉంది. మనిషి లేడు. కెమెరా కూడా లేదు.

"ఇచ్చి పంపించాను," అంది బామ్మ, టీ వడకడుతూ. "ఒక రీలు వేసి చూసుకుంటానన్నాడు. చెప్పులైనా తొడిగి చూసుకునే కదా కొంటాం."

"తిరిగి రాకపోతే?"

"మరీ మంచిది. అది ఇంట్లోంచి పోవడమేగా నీకు కావలసింది."

అదీ నిజమే. ఆ కెమెరా పెళ్ళి ఖాయమైన కొత్తలో పెళ్ళికొడుకు ఇచ్చింది. రీలు వేసే పాతకాలపు రకం. కోటు జేబులో పట్టేస్తుంది, బరువు మాత్రం ఇటుకంత. తర్వాత ఆ పెళ్ళికొడుక్కి ఇంకెవరో నచ్చారు. ఆ ముక్క ఫోన్లోనే చెప్పి, కెమెరా గుర్తుగా ఉంచుకోమన్నాడు. పెద్ద మనసు. డాక్టరమ్మ ఏడవలేదు, తిట్టలేదు, ప్రకటన పెట్టింది. అమ్మడానికి కారణం చెప్పమన్న చోట 'పెళ్ళి తప్పిపోయింది' అని ఉన్నమాటే రాసింది. దాంతో ఫోన్ చేసినవాళ్ళలో సగంమంది కెమెరా ఊసే ఎత్తలేదు.

వారం తిరక్కుండానే బేకరీ అతను వచ్చాడు. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో కడిగించిన రీలు. రీలు గాజుముక్కలా ఖాళీగా ఉంది. ఒక్క బొమ్మ పడలేదు.

"కెమెరా పాడైందండీ," అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ధర తగ్గించుకోవడానికి జనం ఎన్ని వేషాలైనా వేస్తారని మొహం మీదే అనేసింది. అతను నొచ్చుకోలేదు. తను ధర మాట ఎత్తనే లేదనీ, రేపు ఇంకెవరికో అమ్మితే మాట పడతారని చెప్పడానికే వచ్చాననీ అన్నాడు. ఆ నిదానం చూసేసరికి ఆమెకి ఇంకాస్త మండింది. కెమెరా లాక్కుని తిప్పి చూసింది.

"ఈ మూత తీశారా?"

"ఏ మూత?"

ఆమె లెన్సు మీంచి మూత తీసి అతని కళ్ళముందు పెట్టింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"లోంచి చూస్తే అంతా బాగానే కనిపించిందండీ."

"కనిపిస్తుంది. ఇందులో మనం చూసే కిటికీ వేరు, బొమ్మ పడే అద్దం వేరు. మూత ఉన్నా మనకి తెలీదు."

"అయితే నేను తీసినవన్నీ…"

"మీరొక్కరే చూశారు."

అతను తలాడించాడు, ఎవరో దూరపు చుట్టం పోయిన కబురు విన్నట్టు. డాక్టరమ్మకి నవ్వాగలేదు. సంబంధం తప్పిపోయాక ఆ ఇంట్లో ఆ నవ్వు వినపడటం అదే మొదలు. బామ్మ వంటింట్లోంచి తొంగి చూసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

అంతకీ ఏం తీశారని అడిగింది.

"తెల్లారడం," అన్నాడు. "రోజూ చూస్తాను. ఒక్కోరోజు ఎంత బాగుంటుందంటే, ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. ఆ టైముకి అందరూ పడుకుని ఉంటారు. వాళ్ళు లేచేసరికి నేను పడుకుంటాను."

ఇంకో రీలు వేసుకోమని ఆమే చెప్పింది.

ఈసారి బొమ్మలు పడ్డాయి. అన్నీ కాస్త ఓరగా, తడి రోడ్డు మీద పాలవ్యాను, మెట్లమీద ముడుచుకున్న కుక్క. ఆ కుక్క ఆమె దగ్గరికొచ్చే పేషెంటే. తర్వాత రీలు ఎక్కించడం రాలేదని ఒకసారి వచ్చాడు, తియ్యడం రాలేదని ఇంకోసారి వచ్చాడు. వచ్చినప్పుడల్లా బామ్మకి వేడి బన్ను తెచ్చేవాడు. వానాకాలం వచ్చింది. కెమెరా అతని దగ్గరే ఉంది, బేరం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

చివరికి ఒక పొద్దున, చూరు నీళ్ళు కారుతుంటే, ఆమె సూటిగా అడిగింది.

"కొంటారా, తిరిగిచ్చేస్తారా?"

అతను గొడుగు మడిచి గోడకి ఆనించాడు. "కొనేస్తే మళ్ళీ రావడానికి పనుండదు. తిరిగిచ్చేసినా అంతే. అందుకని తేల్చలేదు."

ఆమె సోఫా వైపు చూసింది.

"ఇదే సోఫాలో కూర్చుని ఒకాయన చాలా చక్కగా మాట్లాడాడు," అంది.

"నాకు చక్కగా మాట్లాడటం రాదండీ."

"చూస్తూనే ఉన్నాను."

"వెళ్ళిపొమ్మంటారా?"

"కొనద్దంటున్నాను. మీరు కొంటే అది మళ్ళీ ఈ ఇంటికే వచ్చేలా ఉంది."

ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంత టైం పట్టింది. అర్థమయ్యాక వచ్చి అదే సోఫాలో కూర్చున్నాడు.

కెమెరాని పక్షుల పిచ్చి ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు కొనుక్కున్నారు. ఇద్దరూ కలిసే గేటు దాకా సాగనంపారు. మాస్టారు మలుపు తిరిగాక అసలు చిక్కు బయటపడింది. ఇన్నాళ్ళూ అతను నిద్ర ఆపుకుని, ఆమె క్లినిక్కుకి బయల్దేరేలోగా వచ్చిపోయేవాడు, రోజూ అలా కుదరదు. అతను లేచేసరికి ఆమె క్లినిక్కులో ఉంటుంది. ఆమె ఇల్లు చేరేసరికి అతను పిండి కలుపుతుంటాడు. ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి, పెద్ద ఆపరేషన్ ముందు డాక్టర్లలా ఆలోచించారు.

"ఆదివారం నాకు సెలవు," అంది ఆమె. "కానీ ఆదివారం కూడా జనం రొట్టె తింటారుగా."

బేకరీ తెరిచిన నాటినుంచి దానికి సెలవన్నదే లేదు. అతను తన షాపున్న వీధి వైపు చూశాడు.

"ఒక్కపూట తినకపోతే ఏమీ కాదండీ," అన్నాడు.

ఆ ఆదివారం షట్టరు దించే ఉంది. వీధి వీధంతా విసుక్కుంటూ రొట్టె కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచింది. వాళ్ళలో బామ్మ కూడా ఉంది. మోకాళ్ళనొప్పులతో అందరికన్నా వెనక నడిచింది, విసుక్కోనిది ఆవిడొక్కతే.