మిగిలిన తలుపు

ఆ బంగళా అమ్మకానికి పెట్టి చాలాకాలమైంది. ఊరికి దూరంగా, పొలాలు దాటాక, చెట్ల మధ్య ఉంది. రాతి మెట్లు, చేతులు చాపి కౌగిలించుకున్నా అందని స్తంభాలు, ఏనుగుకైనా తల వంచాల్సిన పని లేని గుమ్మాలు. "చరిత్ర ఉన్న ఇల్లండీ," అంటాడు బ్రోకరు, వచ్చిన ప్రతివాడితోనూ. ఎవరి చరిత్ర? ఆ రాళ్ళు మోసినవాళ్ళది మాత్రం కాదు. వాళ్ళు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో ఏ బ్రోకరూ చెప్పడు. కొనేవాళ్ళూ అడగరు. ఎత్తయిన కప్పు చూడగానే నోరు తెరుస్తారు, అంతే.

అయితే నోరు తెరిచేది కొనేవాళ్ళొక్కరే కాదు. వడ్రంగి పెళ్ళాం కూడా తెరిచింది.

వానలకి తలుపులన్నీ ఉబ్బిపోయి కదలమని మొండికేశాయి. సాయంత్రం బేరానికి మనుషులొస్తున్నారు, వేలితో తోస్తే తెరుచుకోవాలని బ్రోకరు వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి పెద్దవాడు. చేతులు ఇంకా గట్టివేగాని నడుం మాట వినడం లేదు. అందుకని పెళ్ళాన్ని తోడు తెచ్చుకున్నాడు. తలుపులన్నీ ఊడదీసి, ఏది ఏ గుమ్మానిదో సుద్దతో గుర్తు పెట్టి, గోడవారగా ఆనించాడు. అతను చిత్రిక పట్టి ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే ఆవిడ నూనెగుడ్డతో తుడుస్తూ వెనకే వస్తోంది.

మేడమీద నడవా చివరి గదిలోకి వెళ్ళిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే, కిటికీ పక్కనున్న పాత మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కిటికీ నిండా తడిసిన చెట్లు.

"ఏమే మహారాణీ, కొంటున్నావా ఏం?"

"బేరంలో ఉన్నానయ్యా. నువ్వు అడ్డం రాకు."

"పొయ్యి పక్కన చాప పరుచుకునే మొహాలం. లే, లే."

"అందుకేగా. కిటికీ ఉన్న గదిలో ఒక్కసారైనా నడుం వాల్చాలనుంది. కాసేపేనయ్యా. ఎవరు చూడొచ్చారు?"

అతనికి జాలేసింది. బతుకంతా ఎవరెవరివో గదులు తుడవడానికే తిప్పాడు ఈ మనిషిని. ఒక్క గదిలోనూ కూర్చోబెట్టలేకపోయాడు.

"సరే, పడుకో. ఈ గది తలుపు ఆఖరున ఎక్కిస్తాలే. అప్పుడు లేపుతాను."

అలా అనకుండా ఉండాల్సింది.

వాన పెరిగింది. మబ్బుకి పట్టపగలే మసక కమ్మింది. తడి సున్నం వాసన, తాజా చెక్కపొట్టు వాసన... వాటి అడుగున ఇంకేదో వాసన, ఏళ్ళ తరబడి మూసిన పెట్టె తీసినప్పుడు బట్టల్లోంచి వచ్చేలాంటిది. పని ధ్యాసలో అతను పట్టించుకోలేదు. తలుపులు ఎక్కించుకుంటూ పోయాడు. గుమ్మాలన్నీ నిండాయి. మిగిలిన ఒక్క తలుపూ వీపున వేసుకుని నడవా చివరికి నడిచాడు.

అక్కడ గోడ ఉంది.

దారి తప్పాననుకున్నాడు. తప్పడానికేముంది, ఉన్నది ఒక్కటే నడవా. తలుపు దించి గోడ తడిమాడు. చల్లగా, నున్నగా, పాత సున్నం. పగులు లేదు. గుమ్మం ఉన్న ఆనవాలే లేదు.

"ఏమే..."

"ఆఁ," అంది ఆవిడ, గోడ అవతలి నుంచి. నిద్రమత్తు గొంతు.

"ఎక్కడున్నావే?"

"ఎక్కడుంటాను? మంచం మీద. ఎదురుగా నిలబడి అడుగుతావేం?"

"నేను... నీకు కనిపిస్తున్నానా?"

"నాకేం కళ్ళు పోయాయా? గుమ్మంలోనే ఉన్నావుగా, ఆ తలుపు మోసుకుంటూ. దించవయ్యా ముందు, నడుం పట్టేస్తుంది."

తలుపు అతను ఎప్పుడో దించేశాడు.

"బయటికి రావే. నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడే రా."

"నువ్వే రారాదూ. చలిగాలిలో అక్కడెందుకు..." ఆవిడ ఆగింది. తరవాత చిన్నగా నవ్వింది. "అదీ. అలా రా. తలుపు సంగతి తరవాత చూద్దువుగాని."

మంచం కిర్రుమంది. దాని మీద ఇంకో మనిషి బరువు పడినట్టు.

"ఎవరే అది? లోపలికి ఎవరొచ్చారే?"



ఉలీ సుత్తీ అందుకున్నాడు. గోడ మీద ఒక్క దెబ్బ వేశాడు.

"అమ్మా!"

ఒంటికి దెబ్బ తగిలిన మనిషి వేసే కేక అది. ఇంకో చోట ఉలి మెల్లగా ఆనించాడు. ఆనించాడంతే.

"వద్దయ్యా... వద్దు..."

ఉలి జారిపోయింది. తుప్పు పట్టిన గడియలూ, తాళంచెవి పోయిన తలుపులూ ఎన్నో తెరిచిన చేతులవి. తలుపంటూ ఉంటే తెరిచేవే. ఇప్పుడా చేతులు వట్టి గోడ మీద గుడ్డివాడి చేతుల్లా ఆడాయి.

కిందికి పరిగెత్తాడు. బ్రోకరు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

"చివరి గదేమిటి మేస్త్రీ? అటు పక్క గదే లేదు. అది బయటి గోడ. మీ ఆవిడ అలిగి ఇంటికెళ్ళి ఉంటుంది."

"బాబూ, నా మనిషి ఆ గోడ వెనక ఉంది. నా మాట విను..."

"కారు వచ్చేసింది. ఆ మొహంతో ఎదురుపడకు, బేరం చెడుతుంది." భుజం పట్టి పెరట్లోకి తోసి తలుపేశాడు.

లేనివాడి పెళ్ళాం కనపడకపోతే అలిగి వెళ్ళిందంటారు. కారులో వచ్చినావిడ చెవికమ్మ జారిపోయిందంటే మాత్రం చీపుళ్ళు పట్టుకుని ఇల్లంతా పాకుతారు!

వానలో బంగళా చుట్టూ తిరిగాడు. ఆ మూల గోడ కింది నుంచి పైదాకా అంతా రాయే. కిటికీ లేదు. అయినా పిలిచాడు. గొంతు జీరబోయేదాకా పిలిచాడు.

దీపాలు పెట్టే వేళకి ముందు వాకిలి నుంచి లోపలికి వచ్చాడు. కొనేవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, మేడ మీంచి దిగుతున్నారు. మొహాలు వెలిగిపోతున్నాయి.

"అన్నిటికంటే ఆ చివరి గది!" అంటోంది ఆవిడ. "ఆ కిటికీ ఒక్కటి చాలు, కొనేయొచ్చు."

బ్రోకరు ఒక్క క్షణం తెల్లబోయాడు. అంతలోనే నవ్వు పులుముకున్నాడు. లేని గదిని కొనేవాళ్ళు ఉందంటే కాదనే బ్రోకరు ఎక్కడుంటాడు?

వడ్రంగి నీళ్ళోడుతూ మెట్లకు అడ్డం వెళ్ళాడు. "అమ్మా... ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారుగా. ఒకావిడ. మేం చూస్తుంటే పక్కకి ఒదిగి కూర్చుంది, పాపం. మొగుడికి జ్వరమట, దుప్పటి కప్పి పడుకోబెట్టింది. వడ్రంగట ఆయన. లేపొద్దంది." ఆవిడ గొంతు తగ్గించింది. "ఎందుకో బాగా భయపడి ఉంది. బయట ఎవరో మా ఆయన గొంతుతో పిలుస్తున్నారు, మీరు మాత్రం పలక్కండమ్మా, అంది..."

మాట మధ్యలో ఆగిపోయింది. అతని మొహం వైపు చూసింది. ఒక మెట్టు వెనక్కి ఎక్కింది.

"ఏ గదమ్మా? ఎటు నుంచి వెళ్ళారు? ఒక్కసారి చూపించు తల్లీ..."

ఆవిడ పలకలేదు.