తలకిందుల ముద్ర

సోయా ముద్దతో కాచే మిసో చారు పొంగుకొస్తోందని వాసనతోనే పసిగట్టి సుమియే పొయ్యి కట్టేసింది. కుడి కంట్లో ఆమెకు మిగిలింది కాస్త వెలుతురే. ఎడమ కన్ను బాగానే ఉంది గాని, దాని నరం కూడా సన్నబడుతోందన్నారు. కోబే నగరంలోని ఒక పెద్దాసుపత్రిలో కంటి నరానికి మూలకణాలతో ప్రయోగ చికిత్స మొదలుపెడుతున్నారు. ముందు కుడి కంటికి చేస్తారు. చూపు వస్తుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు. అయినా ఆమె పేరిచ్చింది. ఇంటివాళ్ల అంగీకారంగా జపాను పద్ధతిలో సంతకానికి బదులు భర్త తన పేరు ముద్ర వేస్తే చాలు, కాగితాలు పంపేయవచ్చు.

వాటిని సర్దుతున్న కూతురు మిహో ఆగిపోయింది.

"నాన్నా, నీ ముద్ర తలకిందులుగా పడింది!"

షున్సాకు చేపలో ముళ్లు ఏరుతూ తలెత్తలేదు. "చెయ్యి జారి ఉంటుంది."

"మీ చెయ్యా?" సుమియే నవ్వింది. "నలభై ఏళ్లు ఆఫీసులో వెంట్రుకవాసి కూడా వంకర పోని చెయ్యి! పైవాళ్లు బలవంతంగా ఒప్పించినప్పుడు మాత్రం తలకిందులుగా కొట్టొచ్చేవారు. 'ఒప్పుకున్నాను గాని నాకిష్టం లేదు' అని దానర్థమట. నాకు చెప్పిందెవరు? ఇప్పుడు నేను మీ పై అధికారినయ్యానా?"

"పెళ్లయిన రోజు నుంచీ."

మిహో పకపకా నవ్వింది. సుమియే ఈసారి నవ్వలేదు.

"నోటితో చెప్పండి. కాగితం చాటున దాక్కుంటే ఎలా?"

"వద్దంటే నీ ఆశ తుంచినవాణ్ణవుతాను." ఆయన తినే పుల్లలు కింద పెట్టాడు. "పొద్దున్నే నేను కిటికీ తెర లాగగానే తల తిప్పకుండానే 'ఎండొచ్చింది' అంటావు. ఆ కుడి కంటితోనే చూసి అంటావు. అందుకే కుడివైపు తెరే ముందు లాగుతాను. ఆ కాస్తా పోతే?"

సుమియే ఆయన వైపు తిరిగింది. ఇన్నాళ్లూ అది ఆయన అలవాటనుకుంది.

"ఆ వెలుగంటే నాకూ ఇష్టమే," అంది చివరికి. "కానీ రెండో కన్నూ అదే దారి పడితే, మీ మొహం చూసి తిట్టే యోగం కూడా ఉండదు. ఈ కణాలు నరాన్ని నిలబెడతాయో లేదో తేలాలి కదా."

"ఉన్న వెలుగు పోతుందా అని డాక్టర్ని అడిగావా నాన్నా?" అంది మిహో.

"ఆయన చెబుతుంటే తలూపాను."

"మధ్యలో అడిగితే మర్యాద కాదని!" అని దెప్పింది సుమియే.

షున్సాకు లేచి, చొక్కా సరిచేసుకుని, ఆసుపత్రికి ఫోన్ చేశాడు. గొంతు ఆఫీసు గొంతయిపోయింది.

"సుమియే గారి భర్తనండీ. కాగితం పంపేముందు డాక్టరుగారితో మాట్లాడాలి. కారణమా?" మళ్లీ చొక్కా సరిచేసుకున్నాడు. "భర్తకు భయంగా ఉంది. అలాగే రాసుకోండి."

నలభై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. సుమియే కళ్లు రెండూ ఒకేలా తడిశాయి. దగ్గరికి వెళ్లి ఆయన మోచేయి పట్టుకుంది.

"ఇద్దరికీ అని రాయమనండి."

షున్సాకు నిటారుగా నిలబడ్డాడు. "చిన్న సవరణండీ. భార్యాభర్తలిద్దరికీ. అవును, ఇద్దరం కలిసే వస్తాం."