నాన్న చెప్పిన నలభై

ఉదయం ఏడున్నర. నాన్న పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించాడు.

"మసిగుడ్డ ఏమైంది నాన్నా?"

"నాకెందుకే అది? బట్టీ దగ్గర ముదిరిన చేతులివి."

కూతురు మళ్లీ లాప్‌టాప్‌లోకి తల వంచింది. కొత్త రకం కొలిమి ఇటుక ఎంత వేడిని ఆపగలదో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆమె పరిశోధన. తొమ్మిదింటికి రిపోర్టు పంపాలి.

నాన్న ముప్ఫై ఏళ్లు పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ మేస్త్రి. గోడకి అరచెయ్యి ఆనించి డిగ్రీలు చెప్పేసేవాడు. అందుకే పెరట్లో ఆ ఇటుకలతో చిన్న కొలిమి కట్టినప్పుడు ఆయన్నే పిలిచింది. బయటి గోడ డెబ్బై డిగ్రీలు ఉంటుందని ఆమె లెక్క. థర్మామీటరు డెబ్బై రెండు చూపించింది. నాన్న చెయ్యి పెట్టి, "నలభై దాటదు" అన్నాడు.

ఆమె నాన్ననే నమ్మింది. థర్మామీటరు పాడైందనుకుంది. తన లెక్కలో ఇటుక గుండా వేడి ఎంత పారుతుందో చెప్పే అంకెను సగానికి పైగా తగ్గించేసింది.

ఏదో కమురు వాసన వచ్చింది. తలెత్తింది.

నాన్న తాపీగా టీ వడకడుతున్నాడు. అరచేతిలో గిన్నె అంచంత మేర చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"నాన్నా! చెయ్యి!"

ఆయన చూసుకున్నాడు. చప్పున వెనక్కి దాచాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నాతో దాగుడుమూతలొద్దు."

"ఏడాది అవుతోంది. రెండు చేతులూ మొద్దుబారాయి."

"మరి నలభై అని ఎలా చెప్పావ్?"

"నీ మొహం చూసి. తక్కువ రావాలని ఆశగా చూశావు. తగ్గించి చెప్పా."

"ఆ ఇటుకల్తో ఫ్యాక్టరీల్లో కొలిమి గోడలు కడతారు నాన్నా! పనివాళ్లు వాటికి ఆనుకుంటారు! డాక్టరుకి చూపించుకోవచ్చుగా?"

"చూపిస్తే నీకు తెలుస్తుంది. ఇంక చెయ్యి పెట్టమని నన్నెందుకు పిలుస్తావు? నీ చదువులో నాకు అర్థమైంది అదొక్కటే."

ఆమెకి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తన మొహంలో ఆశ ఉన్న మాట నిజమే. ఆయన చేతిని కుళాయి కింద పెట్టి, కదలకుండా పట్టుకుంది.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?" అడిగాడు నాన్న.

"ఉన్నాయి."

"అయితే సరే."

తర్వాత ఆమె రిపోర్టులో పాత అంకె తిరిగి పెట్టింది. డెబ్బై రెండు అని రాసింది. నలభై అని ఎందుకు పొరబడిందో కూడా రాసింది. పంపేసి, ఆయన కాలిన చేతికి తడిగుడ్డ కట్టి, చెప్పులు తొడిగింది.

క్లినిక్ బెంచీ మీద ఇద్దరూ వంతు కోసం కూర్చున్నారు.

"ఇక కొలిమి దగ్గర నాకు పనుండదు కదూ?"

"థర్మామీటరు నువ్వు చదువు. నేను రాసుకుంటా. ఈసారి నా మొహం మాత్రం చూడకు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కట్టులేని రెండో చేతిని ఆమె ఎప్పుడు పట్టుకుందో ఆయనకి తెలియలేదు. కిందికి చూస్తే కనిపించింది. చూపు తిప్పితే మళ్లీ తెలియదు.

పేరు పిలిచేదాకా ఆయన తల ఎత్తలేదు.