నాలుగో లైటు

"ఈ మధ్యాహ్నం మన రోబో సముద్రం అడుగుకి దిగుతుంది. అక్కడ రక్షణ శాఖ కేబుల్ ఉంది. మన మాటలు వినడానికి ఓడలో ఎవరో దానికి దొంగచెవి తగిలించబోతున్నారు. ఎవరో తేల్చు," అన్నాడు చీఫ్.

"రోబో పైలట్ మా అక్క కదా సార్?"

"విదేశీ ముఠాలో మనం పెట్టిన మనిషి కూడా ఆవిడే. ఆవిడ సంగతి నాకొదిలెయ్. ఆ దొంగచెవి బాక్స్ కనబడితే 'పాలు పొంగాయి' అను."

ఇంట్లో పాపకి జ్వరమని చెప్పబోయి ఏజెంట్ మానేసింది. చెప్తే మాత్రం సముద్రం ఆగుతుందా.

ఓడ మీద ఆమె వేషం కేబుల్ మనిషిది. మరకల ఓవరాల్, రబ్బరు బూట్లు, చెవి వెనక బఠాణీ గింజంత మైకు. రోబోకి కరెంటు మోసుకెళ్ళే పచ్చ కేబుల్‌ని వించ్ చక్రం మీంచి వదలడం, లాగడం ఆమె పని. అక్కకి నల్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. డీజిల్ కంపులో కూడా ఆమె సెంటు వాసన తెలుస్తోంది.

"పాపకెలా ఉందే?"

"తగ్గలేదక్కా. పక్కింటావిడకి ఇచ్చి వచ్చాను."

"ఆవిడకా? టీవీ ముందు కూర్చుంటే ఇల్లు కాలినా లేవదు. రేపు నా దగ్గర దింపు."

డెక్ మీది నీళ్ళ తొట్టిలో పరీక్ష మొదలైంది. కరెంటు తీసేస్తే రోబో దానంతటదే పైకి తేలాలి. కేబుల్ తెగినా యంత్రం దక్కాలని అక్క చేసిన డిజైన్ అది. ఈ రోజు తేలలేదు. నిదానంగా వెళ్ళి అడుగున కూర్చుంది.

"కొత్త లైటు బిగించాను, బరువెక్కింది. మోటార్లు లాగుతాయిలే, దించండి," అంది అక్క.

ఒక్క స్క్రూ పెట్టినా తేలడానికి దానికి తగ్గ ఫోమ్ ముక్క అతికించే మనిషి. ఏజెంట్ తొంగి చూసింది. నాలుగు లైట్లలో మూడే వెలుగుతున్నాయి. నాలుగోది లైటు కాదు, బాక్స్.

"పాలు పొంగాయి," అంది మైకులో.

"ఎవరు?" అడిగాడు చీఫ్.

"చూస్తున్నాను సార్."

రోబో అడుగుకి చేరింది. డెక్ మానిటర్‌లో బురద మీద రక్షణ శాఖ వాళ్ళ నల్లటి కేబుల్. రోబో ఇనుప చెయ్యి నాలుగో లైటుని ఊడదీసి కేబుల్ వైపు చాపింది. ఏజెంట్ వించ్ బ్రేకు వేసింది. రోబో మూరెడు దూరంలో ఆగిపోయింది.

కంట్రోల్ క్యాబిన్ నుంచి అక్క గొంతు హెడ్‌ఫోన్‌లో వినబడింది. "వదులు."

"చిక్కుపడిందక్కా."

"నాకే కథలా? నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేనే."

"ఎందుకు చేశావే ఈ పని?"

"ఏడేళ్ళు కూర్చుని దీన్ని తయారుచేశాను. దీని మీద డిజైనర్ అని ఎవరి పేరు చెక్కించారో చూశావుగా, మన డైరెక్టర్ అల్లుడిది. వాడికి ఈత కూడా రాదు. ఆ ముఠావాళ్ళు నా పేరుతో ల్యాబ్ ఇస్తామన్నారు. నేను జైలుకి పోతే నీ పిల్లని ఎవరు చూస్తారే?"

ఏజెంట్ చెయ్యి సడలింది. బ్రేకు వదులైంది. రోబో ముందుకి దూకింది. బాక్స్‌కీ కేబుల్‌కీ మధ్య వేలెడు సందు మిగిలింది.

కళ్ళు మూసుకుని ఏజెంట్ వించ్‌ని వెనక్కి తిప్పింది. బాక్స్‌ని అలాగే పట్టుకుని రోబో పైకి లేచింది.

"మా అక్కే సార్," అంది మైకులో.

సాయంత్రం రేవులో అక్కని జీపెక్కించాక చీఫ్ ఏజెంట్ భుజం తట్టాడు.

"అనుమానం నాకు ముందే ఉంది. ఆవిడని నువ్వు తప్ప ఎవరు పట్టగలరు? నీ పేరు బయటికి రాకూడదు కాబట్టి, కుట్రని డిజైనరే కనిపెట్టాడని రిపోర్టులో రాస్తున్నాం."

"ఏ డిజైనర్ సార్?"

"డైరెక్టర్ గారి అల్లుడు."

ఏజెంట్ బూట్లలోని నీళ్ళు ఒంపేసింది.

"మా అక్కకీ ఇలాగే మొదలైంది సార్."