గోడ వెనక నిప్పు

“పదకొండింటికి సంతకాలు. అప్పటిదాకా ఆ హాల్లో ఎవరూ చావకూడదు. నీ మిషన్ అంతే,” అన్నాడు వియన్నా రహస్య పోలీసు అధికారి పాఖింగర్.

ఏజెంట్ రేజీ తలూపింది. 1815 జనవరి. ఇరవయ్యేళ్ల యుద్ధం ముగిసి, రాజుల మంత్రులు ఐరోపా పటం పరుచుకుని కొత్త సరిహద్దులు గీస్తున్నారు. ఈ పూట సంతకాలు పడకపోతే సైన్యాలు మళ్లీ కదులుతాయి. మొన్ననే యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు టోనీ బూట్ల తడి ఇంకా ఆరలేదు. వాడు వాటిని మళ్లీ తొడుక్కోకూడదు.

వేషం: భవనంలో పనిమనిషి. ఆయుధం: లక్కముద్ర చెదరకుండా ఉత్తరాలు విప్పే సన్నటి కత్తి. కోడ్: “పాలు విరిగాయి.” ఆ మాట వింటే కాపలావాళ్లు తలుపులు మూసేస్తారు.

పదకొండుకు పది నిమిషాలు. మంత్రులు పక్కగదిలో ఉన్నారు. ఎవరికి ముందు కాఫీ పొయ్యాలన్న గొడవతో నిన్న గంటసేపు చర్చే ఆగిపోయింది. రేజీ కాఫీ కూజా పెట్టిన పళ్లెంతో హాలు గుమ్మం దగ్గరికి వచ్చింది. అక్కడ కౌంటెస్ ఎలియొనోరా ఎదురైంది. నెలరోజుల క్రితం వియన్నాకు వచ్చిన అందగత్తె. పాఖింగర్‌కు రహస్యాలు చేరవేసే మనిషి.

గౌను అంచు ఊడిందని, పిన్ను పెట్టమని అడిగింది. రేజీ పళ్లెం బల్లమీద పెట్టి మోకాళ్లమీద కూర్చుంది. అంతలో కట్టెల బుట్టతో ఒకడు హాల్లోకి వెళ్లాడు. చలికి గదిని వెచ్చబరిచే తెల్లటి పలకల పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బుట్ట అక్కడే వదిలేసి వడివడిగా బయటికొచ్చాడు.

“ఎవరండీ అతను?”

“పొయ్యిలో కట్టెలు వెయ్యడానికి వచ్చాడులే. నీ పని చూడు.”

రేజీ వేళ్లు ఆగిపోయాయి. ఈ ఊళ్లో గొప్పవాళ్ల ఇళ్లలో పొయ్యిలోకి కట్టెలు వేసే తలుపు గదిలో ఉండదు, గోడ వెనక నడవాలో ఉంటుంది. కట్టెలవాడు హాల్లో అడుగే పెట్టడు. ఆ సంగతి వాడికీ తెలియదు, ఈవిడకీ తెలియదు.

రేజీ లేచి పళ్లెం అందుకుంది. వెనక నుంచి కౌంటెస్ ఆమె ఏప్రన్ ముడి గట్టిగా పట్టుకుంది.

“పిచ్చిదానా, లోపలికి వెళ్తే చస్తావ్.”

“తెలుసండీ.”

సన్నటి కత్తి ముడిని తెంపింది. ఏప్రన్ కౌంటెస్ చేతిలో మిగిలింది. రేజీ హాల్లోకి పరుగెత్తుతూనే, “పాలు విరిగాయి” అని కేక వేసింది. మెట్లమీద బూట్లు దడదడలాడాయి. బుట్టలో కట్టెల కింద తుపాకిమందు పీపా, దాని వత్తి బొటనవేలంత మిగిలి చిటపటమంటోంది. గడియారం మొదటి గంట కొడుతుండగా రేజీ కూజాలో కాఫీ మొత్తం బుట్టలో ఒంపేసింది.

మధ్యాహ్నం పాఖింగర్ రిపోర్ట్ ముగించాడు. సంతకాలు పడ్డాయి. కౌంటెస్, కట్టెలవాడు ఇద్దరూ దొరికారు.

“ఒక్క ఫిర్యాదు వచ్చింది. మంత్రులకు కాఫీ అందలేదట.”

“తీసుకెళ్లాను దొరగారూ,” అంది రేజీ. “ఎవరికి ముందు పొయ్యాలో ఈసారి నాకు అనుమానమే రాలేదు.”