కొరికిన ముడి

గోకవరంలో టీ తాగుతూ త్రిమూర్తులు అనకూడని మాట అనేశాడు. అది అనకూడని మాటని అప్పటికి అతనికి తెలీదు.

"అన్నయ్య తాడు స్టేషన్‌లో ఇచ్చేశారండి, వంశీ గారూ. చూస్తే పొట్టిగా ఉంది. ఎవరో ముందే కోసేశారు. సోమవారం ఎస్సై గారికి చూపిస్తాను."

"చూపిద్దాంలే, తమ్ముడూ," అని వంశీ జీపు ఎక్కాడు.

రాజమండ్రి నుంచి కుర్రాళ్ళను కొండల్లోని గుహలకు తీసుకెళ్ళడం వంశీ వ్యాపారం. అక్కడ తాళ్ళు కట్టే పని నిరుటిదాకా త్రిమూర్తులు అన్న బుల్లబ్బాయిది, ఇప్పుడు త్రిమూర్తులుది. బుల్లబ్బాయి గోదావరి మీద వలలు లాగి పెరిగిన మనిషి. ఏ ముడి వేసినా ఉమ్మితో తడిపి, పళ్ళతో కొరికి బిగించేవాడు. పడవ గెడ తగిలి ముందు పన్ను ఎప్పుడో ఊడింది కాబట్టి ముడి మీద పళ్ళ గాట్ల మధ్య ఓ ఖాళీ ఉండేది. ఇంట్లో అందరూ దాన్ని చూసి ఏడిపించేవారు. తమ్ముడు పడవ ఎక్కేటప్పుడు మాత్రం బుల్లబ్బాయి అడక్కుండా వదిలేవాడు కాదు. "ముడి కొరికావా, చిన్నోడా?"

అలాంటివాడు నిరుడు, ఇప్పుడు వీళ్ళు వెళ్తున్న గుహలోనే తాడు చివరి నుంచి జారిపడి చచ్చిపోయాడు. చివర ముడి వేసుకోవడం మర్చిపోయాడని వంశీయే చెప్పాడు. త్రిమూర్తులు నమ్మాడు. నమ్మి, ఏడాదంతా పోయినవాణ్ణి తిట్టుకున్నాడు. అమ్మకి మందులు తెచ్చిపెట్టి, పెద్దకర్మ నాడు దగ్గరుండి వడ్డించిన మనిషి అబద్ధం చెబుతాడని ఎవరనుకుంటారు?

గుహ నోరు నిలువుగా దిగిపోయే గొయ్యి. మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా అంచు దగ్గరే ఆగిపోయింది. మర్నాడు వచ్చే కుర్రాళ్ళ కోసం తాడు కట్టి, దిగి చూసి రావాలి. త్రిమూర్తులు ఒక ముడి చెట్టుకి, ఇంకోటి బండకి వేశాడు. ఒకటి ఊడినా రెండోది కాస్తుంది. తాడు రాయికి ఒరుసుకునే చోట గోనెపట్టా మడిచి పెట్టాడు. ఈలోగా మిగతా తాడంతా వంశీ గొయ్యిలోకి వదిలేశాడు.

"చివర ముడి వేశారాండి?"

"వేశాను, తమ్ముడూ. నా మీద నమ్మకం లేదా?"

దిగేవాడే చివరి ముడి చూసుకోవాలి. అన్నయ్య నేర్పిన మొదటి పాఠం అది. కానీ అంత మాట అన్నాక తాడు పైకి లాగి చూడడానికి మొహమాటం అడ్డొచ్చింది. దిగాడు.

ముందు గబ్బిలాల కంపు. ఇంకాస్త దిగాక తడి వల వాసన, ఏటి ఒండ్రు వాసన. కొండ కడుపులో వల ఎక్కడిది? కింద నుంచి చప్పుడు... ఎవరో నములుతున్నట్టు. ఆగాడు. చప్పుడూ ఆగింది. కదిలాడు. మళ్ళీ... తాడు సన్నగా అదిరింది.

ఒక్కసారిగా ఏదో అడ్డం తగిలి ఆగిపోయాడు. ముడి. లైటు కిందికి తిప్పాడు. నేల లేదు. తాడు పొట్టిది. ముడి తడిగా ఉంది. వెచ్చగా ఉంది. మీద పళ్ళ గాట్లు... మధ్యలో ఖాళీ.

"వంశీ గారూ... ఈ చివరి ముడి మీరే వేశారా?"

పైన గొయ్యి అంచున వంశీ తల కనబడింది.

"ఏ ముడి?"

త్రిమూర్తులుకి భయం కంటే ముందు ఏడుపొచ్చింది. అన్నయ్యకీ వంశీ ఇలాగే పొట్టి తాడిచ్చి పంపాడు. తమ్ముడూ అని పిలిచిన నోటితోనే తననీ పంపాడు. "అన్నయ్యా, నిన్ను తిట్టుకున్నాన్రా," అనుకున్నాడు.

తాడు పైనుంచి కదిలింది. వంశీ ముడి విప్పుతున్నాడు. గోళ్ళు గీరుకుంటున్నాయి. రొప్పు వినిపిస్తోంది.

"రావట్లేదేంటి... ఎవరు? ఎవరది?"

తాడు కదలడం ఆగిపోయింది.

త్రిమూర్తులు తాడెక్కే క్లిప్పులు బిగించి పైకెక్కాడు. వంశీ చెట్టు మొదట్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ముడిని నోటితో విప్పబోయాడు కాబోలు, పెదాల నిండా నెత్తురు. ముందు పన్ను లేదు. త్రిమూర్తులుని చూసి ప్రేమగా నవ్వాడు.

"ముడి కొరికావా, చిన్నోడా?"

త్రిమూర్తులు జవాబు చెప్పేలోగా గొయ్యి అడుగు నుంచి వంశీ గొంతు సన్నగా వినిపించింది.

"తమ్ముడూ... తాడు అందట్లేదు..."