అడిగిందెవరు?

లిఫ్టు మెకానిక్ పనికి వెళ్ళాక, మూడో అంతస్తులోని ఆ ఇంట్లో అతని భార్య, ఏడు వారాల పాప మిగిలేవారు. పాప అరచేతిలో పట్టేంత చిన్నగా పుట్టింది కాబట్టి పిచ్చుక అనేవారు. పక్క వీధిలో భార్య అక్క ఉన్నా, ఆమెకి కుట్టుషాపుతో ఊపిరాడదు. అందుకే పాపకి ఎక్కిళ్ళొచ్చినా, తుమ్మొచ్చినా భార్యాభర్తలిద్దరూ చాట్‌బాట్‌నే అడిగేవారు. ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే ఖాతా.

"నీకు మొగుణ్ణి నేనా, అదా?" అని అతను ఆటపట్టించేవాడు.

"అది విసుక్కోదు మరి!" అనేది ఆమె.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. గదిలో మసక చీకటి. ఆరని బట్టల ముక్కిన వాసన. పొద్దుటి నుంచి పాప పాలు ముట్టలేదు, గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. ఆమె ఫోన్ అందుకుని గోడు చెప్పుకుంది.

"ఏడుపు ఎలా ఉందో వింటాను," అంది ఫోన్ నెమ్మదిగా. "పక్కన పాడుతున్న ఆవిడని ఒక్క నిమిషం ఆపమనండి."

ఆమె చుట్టూ చూసింది.

"ఇక్కడెవరూ పాడట్లేదు."

"ధన్యవాదాలు. ఇప్పుడు ఆపారు."

పాప కూడా ఏడుపు ఆపేసింది. బీరువా పక్కనున్న ఉత్త గోడకేసి... కన్నార్పకుండా చూస్తోంది.

ఆమె పాపని మంచం మీద పడుకోబెట్టి, పాత సంభాషణలు పైకి జరిపింది. తను అడగని ప్రశ్నలు కనిపించాయి, అన్నీ మధ్యాహ్నం వేళవే. వెంటనే భర్తకి ఫోన్ చేసింది.

"మధ్యాహ్నాలు నువ్వేమైనా అడుగుతున్నావా?"

"లిఫ్టు గుంతలో ఉంటే నాకు తీరికెక్కడిదే? ఏమైంది?"

ఆమె ఆ ప్రశ్నలు చదువుతోంది.

పది రోజుల కిందటిది: 'నా బిడ్డని ఎంత పొదువుకున్నా ఒళ్ళు వెచ్చబడట్లేదు.' వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది చాట్‌బాట్.

వారం కిందటిది: 'ఈ ఇంటి పాప నాకు అలవాటు కావాలంటే?' రోజూ ఒకే పాట పాడమని, తొందరపడొద్దని చెప్పింది.

ఆఖరిది... ఇప్పుడే వచ్చింది.

'అలవాటైంది. ఇక ఎత్తుకోవచ్చా?'

'తప్పకుండా. ముందు మెడ కింద చెయ్యి పెట్టండి.'

ఆమె మంచం వైపు తిరిగింది.

పాప తల పరుపుకి ఆనడం లేదు. జానెడు ఎత్తున... కదలకుండా... ఎవరో పట్టుకున్నట్టు.

ఒక్క ఉదుటున పాపని లాక్కుంది. ఆ పట్టు వదలలేదు. మళ్ళీ లాగింది. వదిలింది.

ఫోన్ అక్కడే పడేసి, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వానలో పరుగెత్తింది. అక్క కుట్టుషాపులోకి వెళ్ళి పడింది. అక్క మిషను ఆపి, పాపని ఒళ్ళోకి తీసుకుని తుడిచింది.

"ఊరుకోవే, పిల్లకేం కాలేదు. కడుపు నిండి హాయిగా పడుకుంది. పాలు పట్టే వచ్చావుగా?"

"లేదక్కా..." "పొద్దుటి నుంచి తాగనే లేదు."

అక్క చెయ్యి ఆగిపోయింది.

ఒళ్ళో పాప కళ్ళు మూసుకుని ఉంది. నోరు గాలిలోకి తెరుచుకుని ఉంది. పెదవి చివర నుంచి తెల్లగా పాలు కారుతున్నాయి.

గుటక... గుటక...

ఇంకా తాగుతూనే ఉంది.